కోరి చేయించుకొను కత్తులు: కొనువాని అవసరము, కమ్మరి పనితనము

ఒకప్పుడు మన ప్రాంతమున కొలిమి లేని గ్రామము అరుదుగా నుండెడిది. వేకువనే తిత్తి ఊదు చప్పుడును, దాగలిపై సమ్మెట మ్రోతయు వినవచ్చినగాని ఊరు పనిలో దిగినట్లు తోచెడిది కాదు. రైతు తన కొడవలి నెట్లు పట్టునో, ఏ చేత పట్టునో, వానికి బరువైన కత్తి కావలెనో తేలికైనది కావలెనో కమ్మరి యెరుగును. కమ్మరి చేసిన కత్తి యెన్నాళ్ళు మన్నునో రైతెరుగును. ఏటికొకమారు కళ్ళములో మేర కొలిచినప్పుడు ఆ యెరుకకే గింజలు దక్కెడివి.

నేడా పరిస్థితి మారినది. యంత్రశాలలలో తయారైన కత్తులు పట్టణపు దుకాణముల నుండి సంతల వరకు వచ్చి చేరినవి. అవి చూపునకు నిగనిగలాడును, వెలయు తక్కువ. పెక్కు గ్రామములలో కొలుములు చల్లారినవి. అయినను గమనింపదగిన విషయ మొకటి కలదు. కత్తిమీదనే జీవనము గడుపు కొందరు ఇప్పటికిని దుకాణమునకు పోక, కొన్ని క్రోసులు నడచి యైనను తమకు తెలిసిన కమ్మరి యొద్దనే చేయించుకొనుచున్నారు. వారట్లేల చేయుచున్నారు? వారు కోరునదేమి? ఆ కోరికను సరిగా గ్రహించిన కమ్మరి కొలిమి నిలుచును; గ్రహింపలేనిది ఆరిపోవును. కావున ఈ పాఠమున కత్తులు చేయించుకొనువారి అభిరుచులను, కత్తికి వాడు ఉక్కు, కఱ్ఱ మొదలగు వస్తువుల గుణములను, గ్రామ చేతిపనుల విషయమున పంచాయతీ సభ్యులు చేయదగిన పనులను క్రమముగా పరిశీలింతము.

పని పనికి ఒక కత్తి

కత్తి యనగా ఒకే వస్తువని తలచుట మొదటి పొరపాటు. పనిని బట్టి కత్తి రూపము, బరువు, వాదర, పిడి యన్నియు మారును.

తాటిచెట్టు గీయువానిని చూడుడు. అతడు దినదినము గెల చివరను పలుచని చెక్కు తీయవలెను. చెక్కు మందమైనచో గెల త్వరగా తరిగి పోవును, దానితో కల్లు పారు దినములును తగ్గును. కత్తి మొద్దుబారినచో తీరుగా తెగుటకు మారుగా గెల నలిగి, ఊట సరిగా రాదు. అందుచే గీతకత్తికి మంగలికత్తివంటి పలుచని వాదర కావలెను. ఇంకొక సంగతి యున్నది. చెట్టుపై మోకు నానుకొని నిలిచినవానికి రెండు చేతులును పనిలో నుండును. చెమట పట్టిన అరచేతిలో పిడి జారెనేని అది వాని ప్రాణము మీదికి వచ్చును. క్రింద నిలిచినవారికిని అపాయమే. ఆ కారణముచే గీతకార్మికుడు బేరమాడుటకు ముందు కత్తిని పొదిలో దూర్చి, తీసి, పిడిని పిడికిట త్రిప్పి చూచును. ఆ పరీక్షకు నిలువని కత్తి యెంత చౌకయైనను అతనికి వలదు.

వరి కోయువారి కోరిక వేరు. కోతపనిలో నున్నవారు పెక్కుచోట్ల స్త్రీలు. వారు వంగి దినమంతయు ఒకే విధముగ చేయి నాడింపవలెను. బరువైన కొడవలి సాయంకాలమునకు మణికట్టును బాధించును. కక్కు కొడవలి యైనచో దాని పండ్లు దుబ్బును పట్టి కోయును, మాటిమాటికి సానపట్టు పని లేదు. నున్నని వాదర గల కొడవలి వేగముగా తెగును గాని తరచు నూరుకొనవలెను. ఒకరు మొదటిదానిని, వేరొకరు రెండవదానిని కోరుదురు. ఎడమచేతి వాటము గలవారి కష్టము మఱి యొకటి. కక్కు కొడవలి వాదరను ఒకవైపుననే వాలుగా నూరుదురు. కుడిచేతి వారికై చేసినది ఎడమచేత పట్టినచో దుబ్బునుండి తొలగిపోవును. దుకాణములో ఎడమచేతి కొడవలి దొరకుట దుర్లభము. కమ్మరి మాత్రము వాలును రెండవ ప్రక్కకు మార్చి యిచ్చుటకు అధికముగ ఖర్చుపడ నక్కరలేదు.

కొబ్బరితోటలలో పనిచేయువారు కత్తి ముందుభాగమున బరువు కోరుదురు. ఆ బరువే డొక్కలోనికి, చిప్పలోనికి వాదరను దింపును. మేకలకు రొట్ట కోయువారు దోటికి కట్టు కొడవలిని కోరుదురు. అది తేలికగా నుండవలెను, దాని గొట్టము దోటి కొనకు బిగువుగా దిగవలెను. మాంసము కొట్టువారికి రెండు కత్తులు వలయును: కండ కోయుటకు పలుచనిది, ఎముక కొట్టుటకు మందమైనది. ఈ రెంటిని ఒకే కత్తిలో కోరువాడు చివరకు రెంటికిని చెడును.

ఇంటి వాడుకలోను ఇట్టి భేదములు గలవు. పీటపై కూర్చుండి కూరలు తరుగు కత్తిపీటకు వాదర వంపు ముఖ్యము. ఆవకాయ కాలమున మామిడికాయలు కొట్టు కత్తి మఱియొక జాతిది. ప్రతి ముక్కకు టెంక అంటియుండవలెను, కండ నలుగరాదు. ఒక్క వేటుతో టెంక తెగినగాని ముక్క శుభ్రముగా రాదు. అందుచే ఆ కత్తి బరువుగా నుండి, వాదర మాత్రము మిక్కిలి గట్టిపడక, టెంక దెబ్బకు పెచ్చు లేవకుండ ఉండవలెను. వేసవిలో సంతలయందు కాయలు కొట్టి జీవించువారు దీనిని బాగుగ నెఱుగుదురు.

ఉక్కు గుణములు

కొనువాడు సాధారణముగ "మంచి ఇనుము వేయుము" అనును. మంచి ఇనుమనగా నేమి? ఇనుములో కలిసియున్న కర్బనమే దాని గుణమునకు ముఖ్యకారణము. కట్టడములకు వాడు మెత్తని ఇనుప చువ్వలో కర్బనము నూటికి 0.2 వంతు ప్రాంతమున నుండును. అది వంగును, సాగును. కాని ఎంత కాల్చి నీటిలో ముంచినను కత్తికి తగిన గట్టిదనము రాదు. లారీల కమాను పట్టీలో కర్బనము ఇంచుమించు 0.6 వంతు. ఇది గట్టిపడుటయే గాక దెబ్బకు తట్టుకొనును. అందుచేతనే మన కమ్మరులు కొడవండ్లకు, మచ్చుకత్తులకు కమాను పట్టీని కోరుచుందురు. పాత ఆకురాయిలో కర్బనము 1 వంతునకు మించి యుండును. దానితో చేసిన పలుచని కత్తి చాల కాలము వాదర నిలుపును గాని, ఎముకమీదనో ముడిమీదనో పడిన పెచ్చు లేవవచ్చును. బేరింగులకు వాడు ఉక్కులో కర్బనము 1 వంతు, క్రోమియము ఒకటిన్నర వంతు ఉండును. అదియు కోతకత్తులకు మేలైనదే, కాని సాగగొట్టుటకు శ్రమ యెక్కువ.

తుప్పు పట్టని ఉక్కు, అనగా స్టెయిన్‌లెస్ స్టీలు, నేడు గృహిణులకు ప్రియమైనది. కత్తులకు వాడు ఆ జాతిలో క్రోమియము నూటికి 12 వంతులు గాని అంతకు మించి గాని యుండును. మామిడి, నిమ్మ, చింతపండు పులుసు తగిలినను అది నల్లబడదు. కమ్మరి చేయు కర్బనపు ఉక్కు కత్తి మాత్రము పులుపు తగిలిన నల్లబడును, తడి నిలిచిన తుప్పు పట్టును. ఈ లోపమును దాచుట తగదు. అయితే కర్బనపు ఉక్కును ఇంటి రాతిమీదనే సులభముగ నూరుకొన వచ్చును, వాదరయు సన్నముగ వచ్చును. వాడిన వెంటనే తుడిచి, ఒక చుక్క నూనె రాసినచో అది తరములు మన్నును. తుప్పు పట్టని ఉక్కునకు పదును పెట్టుటకు 1000 డిగ్రీల సెంటీగ్రేడుకు మించిన వేడిమి, దానిని సరిగా కొలుచు సాధనము కావలెను. ఊరి బొగ్గు కొలిమిలో అది కష్టసాధ్యము. కావున అట్టి కత్తి కావలెనన్న వారికి ఆ మాట నిజముగ చెప్పి పంపుటయే కమ్మరికి మర్యాద.

పాత ఇనుము కొనునప్పుడు రెండు జాగ్రత్తలు అవసరము. ఏండ్ల తరబడి బరువు మోసిన కమాను పట్టీలో కంటికి కనబడని చీలికలు ఉండవచ్చును. వంపు గల చోటులను, రంధ్రముల చుట్టును బాగుగ పరిశీలించి, చీలిన భాగమును తీసివేయవలెను. జింకు పూత గల రేకులను, గొట్టములను కొలిమిలో పెట్టరాదు. ఆ పొగ పీల్చినవారికి జ్వరము, ఆయాసము కలుగును. తెలియని ఇనుమును సానచక్రమునకు తాకించి చూచుట పాత పద్ధతి. మెత్తని ఇనుము నుండి పొడవైన నిప్పురవ్వలు కొద్దికొద్దిగ రాలును. కర్బన మెక్కువైన ఉక్కు నుండి రవ్వలు చిటపట పేలి పువ్వులవలె చీలును.

గట్టిదనము, పెళుసుదనము

కొనువాడు కోరు గుణములలో రెండు ఒకదాని కొకటి ఎదురు. వాదర చాలకాలము నిలువవలెనన్న ఉక్కు గట్టిగా నుండవలెను. దెబ్బకు విరుగకుండ నుండవలెనన్న కొంత మెత్తదనము కావలెను. ఈ రెంటికి పొత్తు కుదుర్చుటయే కమ్మరి విద్యలోని కీలకము.

ఉక్కును 800 నుండి 850 డిగ్రీల వరకు కాచి, వెంటనే చల్లార్చినచో అది గట్టిపడును. వేడిమిని కొలుచు సాధనము లేనిచోట అయస్కాంతము అక్కరకు వచ్చును. ఉక్కు సుమారు 770 డిగ్రీలు దాటగనే అయస్కాంతమునకు అంటదు. అంటుట మానిన పిదప మఱికొంచెము కాచి ముంచవలెను. ఎండలో కాలిన ఉక్కు రంగు సరిగా కనబడదు గనుక ఈ పని నీడలోనే చేయుదురు. కమాను పట్టీని నీటిలో ముంచినచో పగులు రావచ్చును. గోరువెచ్చని నూనెలో ముంచుట క్షేమము.

ముంచి తీసిన కత్తి గాజువలె పెళుసుగా నుండును. దానిని అట్లే యిచ్చుట అపాయకరము. ఒక ప్రక్క మెరుగుపెట్టి, మెల్లగా మరల కాచినచో ఉక్కుపై రంగులు వరుసగా పుట్టును. గడ్డివంటి లేత పసుపు 220 డిగ్రీల ప్రాంతమునను, గోధుమరంగు 255 ప్రాంతమునను, ఊదారంగు 280 ప్రాంతమునను, నీలము 300 ప్రాంతమునను కనబడును. పలుచగా కోయు కత్తికి పసుపురంగు వద్ద ఆపవలెను. కొట్టు కత్తికి ఊదారంగు వరకు పోనీయవలెను. కొనువాడు తన కత్తితో ఏమి కోయునో చెప్పక "గట్టిగా చేయుము" అన్నప్పుడు కమ్మరి ఏ రంగున ఆపవలెనో తెలియదు. కత్తి విరిగిన పిదప నిందలు పుట్టుట కిదియే మూలము.

పదును సరిగా కుదిరినదో లేదో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష యున్నది. ఒక ఇత్తడి కడ్డీపై వాదరను వాలుగా నుంచి కొద్దిగ ఒత్తవలెను. వాదర కొంచెము వంగి మరల యథాస్థితికి వచ్చినచో పదును సరియైనది. వంగి అట్లే నిలిచినచో మెత్తగా నున్నది. పెచ్చు లేచినచో మితిమీరి గట్టిపడినది.

పిడి: చేతికి అందునదే చేతికి నమ్మకము

కొనువారు ఉక్కును గూర్చి పలుమాటలు పలుకుదురు గాని, కత్తిని తిరిగి తెచ్చునది సాధారణముగ పిడి దోషముచేతనే. పిడి వదులగుట, పగులుట, చేయి బొబ్బలెక్కుట మొదలగునవి ఫిర్యాదులలో ముఖ్యమైనవి.

పిడికి కఱ్ఱ యెన్నిక ప్రధానము. తుమ్మ గట్టిది, దెబ్బకు ఓర్చును. టేకు తేమకు అంతగా ఉబ్బదు, తేలికగా నుండును. చింత, చండ్ర బరువైన కత్తులకు నప్పును. ఏ కఱ్ఱ యైనను పచ్చిది వాడరాదు. పచ్చికఱ్ఱ ఎండిన కొలది కుంచించుకొని, తోక వదులగును. నీడలో నెలల తరబడి ఆరిన కఱ్ఱనే తీసికొని, నూనె పట్టించి వాడవలెను. తోక దిగుచోట ఇనుప పొన్ను బిగించినచో పిడి చీలదు. మాంసము కోయు కత్తులకు, వంటకత్తులకు పిడిలో సందులు ఉండరాదు. సందులలో రక్తము, తడి నిలిచి కుళ్ళును. రివెట్లు చేతికి తగులకుండ నున్నగ అరుగదీయవలెను.

కొలత యింకను ముఖ్యము. సాధారణముగ ఒకటింపాతిక నుండి ఒకటిన్నర అంగుళముల మందము గల పిడి పెద్దల చేతికి సుఖముగ నుండును. స్త్రీల అరచేయి వెడల్పు సాధారణముగ పురుషులదాని కంటె తక్కువ. కొలిమికి వచ్చి బేరము కుదుర్చువాడు పురుషుడు, పొలములో కొడవలి పట్టునది స్త్రీ యగుట మన ఊళ్ళలో తరచు జరుగునది. కత్తి పట్టువారి చేతినే కొలిచి పిడి వేయుట న్యాయము. కాగితముమీద చేయి నుంచి గీత గీసికొనినను చాలును.

అందమునకై కొందరు కొమ్ము పిడిని కోరుదురు. గేదె కొమ్ము పెంపుడు జంతువుది గనుక దానికి అడ్డు లేదు. దుప్పి కొమ్ము, ఏనుగు దంతము మాత్రము వాడరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వన్యమృగముల అవయవముల వ్యాపారమును కట్టడి చేసినది. అడవిలో దొరికిన కొమ్మునైనను అటవీశాఖవారి నడుగక తెచ్చి పిడి వేయరాదు. ఎర్రచందనము విషయమునను అంతియే. ఎంత ధర పలికినను ఇట్టి ఆర్డరును కమ్మరి తిరస్కరింపవలెను.

దూరదేశపు కొనుగోలుదారు

మన ఉక్కునకు దూరదేశముల వారు వచ్చి బేరమాడిన దినములు గలవు. నేటి తెలంగాణలోని నిజామాబాదు ప్రాంతమునందలి కోనసముద్రములో మూసలలో కరిగించి ఉక్కు ముద్దలు తయారుచేసెడివారు. హెన్రీ వాయ్సీ అను ఆంగ్లేయ వైద్యుడు 1820 ప్రాంతమున ఆ ఊరు దర్శించి వ్రాసిన వృత్తాంతము 1832లో బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడినది. ఇస్ఫహాను నుండి వచ్చిన పారశీక వర్తకుడొకడు తానే దగ్గర నిలిచి, ఇనుముల పాళ్ళు తూచి, ఉక్కు దృఢత్వమును స్వయముగ పరీక్షించుచుండెనని అందు కలదు. వేల మైళ్ళ దూరమునుండి వచ్చినవానికి వలసినది మెరుపు గాదు, నమ్మకము. ఆంగ్లములో ఈ ఉక్కునకు గల "వూట్జ్" అను పేరు దక్షిణదేశపు "ఉక్కు" అను మాట నుండియే పుట్టినదని పండితుల మతము.

ఈ ఉక్కులో కర్బనము నూటికి 1 నుండి 2 వంతుల వరకు ఉండెడిది. దానిని తక్కువ వేడిమిలో ఓర్పుతో సాగగొట్టగా కత్తిపై నీటి అలలవంటి గీతలు తేలెడివి. డమాస్కసు కత్తులని లోకమున పేరుపడినవాని రహస్యమిదియే. అమెరికాలో వెర్హోవెను అను శాస్త్రజ్ఞుడు, పెండ్రే అను కమ్మరి కలిసి 1990 దశకమున ఇట్టి కత్తులను మరల చేసి చూపిరి. ఇనుములో అత్యల్పముగ కలిసియున్న వెనేడియము వంటి లోహములే ఆ గీతలకు కారణమని వారు నిరూపించిరి.

ఆ దేశమున చేతితో చేసిన కత్తులను వేడుకకై సేకరించువారు పెక్కుమంది గలరు. రెండు ఉక్కులను పొరలు పొరలుగ అతికి సాగగొట్టు పద్ధతిని విలియం మోరాన్ అను కమ్మరి 1973లో ప్రదర్శించిన పిదప గీతల కత్తులపై మోజు పెరిగినది. ఇది మూస ఉక్కు కాదు. చూపునకు కొంత పోలిక యుండినను తయారు వేరు. యంత్రముతో పైపైన గీతలు ముద్రించి డమాస్కసని అమ్ము మోసగాండ్రును గలరు. కావున ఎరిగిన కొనుగోలుదారు మొదట అడుగు ప్రశ్న: "ఇందు ఏ ఉక్కు వాడితివి? పదును ఎవరు పెట్టిరి?"

ఆ దేశపు కత్తికమ్మరుల సంఘము 1976లో స్థాపింపబడినది. అందు చేరి మెట్టు ఎక్కగోరు కమ్మరి తన కత్తితో నాలుగు పరీక్షలు నెగ్గవలెను. వ్రేలాడు ఒక అంగుళపు మోకును ఒక్క వేటున తెగగొట్టవలెను. రెండంగుళముల మందము, నాలుగంగుళముల వెడల్పని పిలువబడు పలకను రెండుమార్లు నరుకవలెను. ఆ పిదప అదే వాదరతో చేతిమీది వెంట్రుకలు గొరగవలెను. చివరకు కత్తిని పట్టుగొయ్యలో బిగించి 90 డిగ్రీలు వంచినను అది విరుగరాదు. గట్టిదనము, వాదర నిలుకడ, దృఢత్వము మూడును ఒకే కత్తిలో తేలవలెనన్నమాట. మన గీతకార్మికుడు పొదియొద్ద నిలిచి చేయు పరీక్షకును దీనికిని భావము ఒక్కటే.

అయితే ఒక హెచ్చరిక. సేకరించువాడు కత్తిని గోడకు తగిలించును. రైతు దానితో కోయును. గీతలచే కోత మెరుగుపడదు. ఊరి కొలిమికి ఆధారము ఊరి పనిముట్టు కత్తియే. వేడుక కత్తులు నిపుణుడైనవానికి అదనపు రాబడి కాగలవు గాని, వానిని నమ్మి ఊరివారి కొడవండ్లను విడుచుట వివేకము గాదు.

ఆర్డరు తీసికొనుటలో నేర్పు

పూర్వము కమ్మరికి ప్రతి ఇంటివారి అలవాటును తెలిసియుండెను గనుక అడుగవలసిన పని లేదు. ఇప్పుడు క్రొత్తవారు, పొరుగూరివారు వత్తురు. అడిగి వ్రాసికొననిదే వారి అవసరము తెలియదు. ఒక చిన్న పుస్తకములో ఈ క్రింది సంగతులు వ్రాసికొనుట మంచిది.

1. కత్తితో ఏమి కోయుదురు? కోయుటయా, కొట్టుటయా, చెక్కుటయా?
2. పట్టువారెవరు? కుడిచేతి వాటమా, ఎడమచేతి వాటమా? అరచేతి వెడల్పు ఎంత?
3. పాత కత్తిలో నచ్చినదేమి, బాధించినదేమి? వీలైన పాత కత్తిని తెచ్చి చూపుమని కోరవలెను. అరిగిన చోటే వారి పనిని తెలుపును.
4. నూరుకొను వసతి యేది? ఇంటి రాయియా, సానవానికి ఇత్తురా?
5. తడి, పులుపు తగులునా?
6. ఏ ఉక్కు, ఏ కఱ్ఱ వాడుటకు ఒప్పుకొనిరి?
7. ధర యెంత, బయానా యెంత, ఏనాటికి ఇయ్యవలెను? విరిగినచో బాగుచేయు షరతు ఏమి?

ధర కట్టుటలో మన కమ్మరులు చేయు పొరపాటు ఒకటి కలదు. ఇనుము, బొగ్గు వెలలు లెక్కించి, తమ కూలిని మరచుచుందురు. మాటవరుసకు, ఒక మచ్చుకత్తికి ఇనుము 80 రూపాయలు, బొగ్గు 60 రూపాయలు, పిడి 30 రూపాయలు అనుకొందము. మొత్తము 170 రూపాయలు. ఇద్దరు మనుష్యులు రెండేసి గంటలు పనిచేసిన, గంట కొక్కరికి 70 రూపాయల వంతున కూలియే 280 రూపాయలు. అప్పుడు 450 రూపాయలకు తగ్గించి అమ్మినచో కమ్మరి తన చెమటను దానము చేసినట్లే. కొనువాడును ఈ లెక్క వినినచో, మూడేండ్లు మన్ను కత్తికిని, మూడు నెలలలో పారవేయు కత్తికిని గల తేడాను తానే గ్రహించును.

చట్టమును గూర్చి రెండు మాటలు

ఇంటిపనికి, వ్యవసాయమునకు కత్తి చేయుట నేరము గాదు. ఆయుధముల చట్టము 1959లో వచ్చినది. దాని నియమముల ప్రకారము ఖడ్గములు, బాకులు, చేతికఱ్ఱలో దాచిన కత్తులు మొదలైనవియు, 9 అంగుళముల కంటె పొడవు గాని 2 అంగుళముల కంటె వెడల్పు గాని గల కత్తులవంటి ఆయుధములును ఒక వర్గముగ నేర్పడినవి. గృహకృత్యములకు, వ్యవసాయమునకు, పరిశ్రమలకు ఉద్దేశింపబడిన కత్తులు అందు చేరవు. కావున ఆర్డరు పుస్తకములో ఉపయోగమును వ్రాసియుంచుట కమ్మరికి రక్షణ. పని చెప్పక బాకువంటి దానిని చేయుమని కోరువానికి చేసి యీయరాదు. సందేహము కలిగినచో ముందుగా పోలీసు స్టేషనున విచారింపవలెను. ఎన్నికలు, తగాదాల సమయమున ఈ జాగ్రత్త మఱింత అవసరము.

పంచాయతీ సభ్యులు చేయదగినవి

రాజ్యాంగమున 73వ సవరణతో చేర్చబడిన 11వ షెడ్యూలులో ఖాదీ, గ్రామ, కుటీర పరిశ్రమలు కలవు. గ్రామ కమ్మరి వృత్తిని కాపాడుట పంచాయతీకి పరాయి పని గాదు.

కేంద్రప్రభుత్వము 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిన పి.ఎం. విశ్వకర్మ పథకమున 18 వృత్తులవారు చేర్చబడిరి. కమ్మరులు, సుత్తులు మొదలైన పనిముట్లు చేయువారు అందున్నారు. పథకమున చేరినవారికి గుర్తింపు పత్రము, శిక్షణకాలమున దినమునకు 500 రూపాయల భత్యము, పనిముట్లకై 15,000 రూపాయల వరకు సహాయము నిర్ణయింపబడినవి. నూటికి 5 రూపాయల వడ్డీపై మొదట లక్ష రూపాయల వరకు, అది సక్రమముగ తీర్చిన పిదప 2 లక్షల వరకు ఋణమునకు ఏర్పాటు చేయబడినది. కుటుంబమునకు ఒకరికే ఈ అవకాశము. దరఖాస్తు సామాన్య సేవా కేంద్రమున నమోదగును. తరువాత మొదటి పరిశీలన జరుగవలసినది గ్రామపంచాయతీ స్థాయిలోనే. దరఖాస్తు అచ్చట నిలిచిపోయినచో కమ్మరికి సహాయము అందదు. కొలిమి యెరుగనివాని పేరు అచ్చట ఆమోదింపబడినచో నిజమైన వృత్తివాని కది అన్యాయము. సభ్యులు స్వయముగ కొలిమి చూచి, వాస్తవమును నిర్ధారించుటకు సహకరింపవలెను.

ధనము లేకయు చేయదగిన పనులు కొన్ని గలవు. సంతలో కమ్మరికి స్థిరమైన చోటు చూపవచ్చును. పంచాయతీకి వలయు కొడవండ్లు, మచ్చుకత్తులు, పారలు ఊరి కమ్మరిచేతనే, నియమముల ననుసరించి, కొలతలు వ్రాసియిచ్చి చేయించవచ్చును. గీతకార్మికుల సంఘమువారిని, కోతకూలీలను, కమ్మరిని ఒకచోట కూర్చుండబెట్టి, ఎట్టి కత్తి కావలెనో చెప్పించవచ్చును. కొలిమి పూరిండ్లకు దూరముగ నుండునట్లును, సానచక్రమువద్ద కంటి అద్దములు వాడునట్లును చూడవలెను. నిప్పురవ్వ ఒక్కటి కంటిలో పడిన, కమ్మరితోపాటు అతని కుటుంబపు జీవనమునకును చీకటి క్రమ్మును.

ఇవి చిన్న పనులవలె తోచును. కాని కొలిమి ఒకమారు ఆరినచో మరల వెలిగించుట కష్టము. తండ్రి వద్ద నిలిచి ఉక్కు రంగు చూచి నేర్చుకొనిన కన్ను పుస్తకమువలన రాదు. కుమారుడు పట్నపు కూలికి పోయిన నాడే ఆ విద్య ఊరినుండి పోవును. పిమ్మట గీతకార్మికుడు ఎవరికో చేసిన పిడిని పట్టి చెట్టెక్కవలసి వచ్చును. ఎడమచేతి కూలీ కుడిచేతి కొడవలితో ఒళ్ళు నొప్పించుకొనవలసి వచ్చును. వారి కోరిక వినువాడు ఊరిలో నుండవలెనన్న, ఆ కమ్మరి మాటను వినువారు పంచాయతీలో నుండవలెను.

చర్చకు ప్రశ్నలు

1. మీ గ్రామమున ఎన్ని కొలుములు పనిచేయుచున్నవి? పది సంవత్సరముల క్రింద ఎన్ని యుండెను?
2. మీ ఊరివారు ఏ కత్తులను కమ్మరివద్ద చేయించుకొనుచున్నారు? ఏ కత్తులను దుకాణమున కొనుచున్నారు? కారణములేమి?
3. మీ కోతకూలీలలో ఎడమచేతి వాటము గలవారు ఎందరు? వారు ఏ కొడవలి వాడుచున్నారు?
4. పి.ఎం. విశ్వకర్మ పథకమునకు మీ ఊరి కమ్మరులు దరఖాస్తు పెట్టిరా? అవి ఏ దశలో నున్నవి?
5. గడచిన సంవత్సరము పంచాయతీ కొనిన పనిముట్లలో ఊరి కమ్మరి చేసినవి ఎన్ని?